చూరుకు మంచు వేలాడుతోందా?

మీ అమ్మాయి అమెరికాలో మిన్నెసోటా, మిషిగన్ లాంటి చలి రాష్ట్రాల్లో కాపురముంటోందా? అయితే ఈ చిట్కాలు తప్పకుండా చెప్పండి.

చలికాలంలో చూరుకు వేలాడే మంచు ఊచలు చూడముచ్చటగా ఉంటాయి. కానీ అవి హెచ్చరిక కూడా! ఇంట్లోని వేడి సీలింగు పైనున్న అటకలోకి చేరితే కప్పు వెచ్చబడి మంచు కరుగుతుంది. ఆ నీరు జారి, చల్లటి చూరు దగ్గర మళ్ళీ గడ్డకట్టి ఆనకట్టలా అడ్డుపడుతుంది. వెనక నిలిచిన నీరు గోడల్లోకి, సీలింగులోకి దిగుతుంది.

* అటక తలుపు, లైట్లు, పైపుల చుట్టూ సందులు మూయించాలి. తర్వాత అటకలో ఇన్సులేషన్ సరిపడా వేయించాలి.

* చూరు కింది గాలి రంధ్రాలకు ఏదీ అడ్డు ఉండకూడదు.

* వంటింట్లో, బాత్‌రూములో ఫ్యాన్ల గొట్టాలు అటకలోకి కాక ఇంటి బయటికే ఉండాలి. పప్పు, పులుసు మరిగిన ఆవిరి కూడా అటకను వెచ్చబరుస్తుంది మరి!

* ఆకులు రాలడం అయిపోగానే గట్టర్లు శుభ్రం చేయించాలి.

* మంచు బాగా కురిస్తే నేలమీదే నిలబడి, పొడవు కర్ర ఉన్న రూఫ్ రేక్‌తో చూరు దగ్గర 3, 4 అడుగుల మేర లాగేయాలి. కరెంటు తీగలు జాగ్రత్త.

* గడ్డను గొడ్డలితో కొట్టినా, ఉప్పు చల్లినా కప్పే పాడవుతుంది. నిచ్చెన ఎక్కే సాహసం అసలే వద్దు. పనివాళ్ళను పిలవడం మేలు.

ఇల్లు వెచ్చగా, కప్పు చల్లగా ఉంటే ఈ బెడద ఉండదు.