ఉండేలు దాచిపెట్టాను

దసరా సెలవులకు ఇంటికెళ్ళగానే మనం ముందు వెతికేది ఉండేలే. నేనూ అంతే. నాగాలాండ్‌లో మనలాంటి గిరిజనులే, పాంగ్టి ఊరి లోథాలు, చేసిన పని తెలిశాక నాకు చెయ్యి రావట్లేదు.

అక్టోబరులో సైబీరియా వైపునుంచి అమూర్ డేగలు లక్షలకొద్దీ అక్కడికొస్తాయి. మనం తినే ఉసిళ్ళే తిని బలిసి, అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా పోతాయి. బరువేమో 150 గ్రాములే! 2012లో వాటిని వలలేసి వేలకు వేలు చంపి అమ్ముకున్నారు. 2013లో ఊరంతా కూడి మానేశారు. ఇప్పుడు వాటిని చూడ్డానికే జనం సెలవులు పెట్టుకొని వస్తున్నారు.

'పిట్టకూర మన అలవాటు' అంటారు కొందరు. వాళ్ళకు అలవాటే కాదు, రాబడి కూడా. మనకు పోయేది రెండు ముక్కల కూరే కదా?

వార్డెన్ సారూ, సెలవుల్లో ఎవరే పిట్టను చూశారో రాసుకొస్తే ఈ గోడమీద పెట్టనిస్తారా?