సద్ది అంటే సిగ్గెందుకు?

మా ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి పనులు లేని కాలంలో అమ్మానాన్నలు గుంటూరు వైపు సుగ్గికి పోతారు. తెల్లారకముందే చేలకు బయలుదేరే వాళ్ల చేతిలో ఉండేది సద్దిమూటే. హాస్టల్లో చేరిన కొత్తలో మేము మాత్రం ఆ పేరెత్తడానికే సిగ్గుపడ్డాం. ‘పాచికూడు’ అని ఒకరినొకరం ఎగతాళి చేసుకున్నాం. అది తప్పని ఇప్పుడు మా అభిప్రాయం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పులియడం వేరు, పాడవడం వేరు. గోరువెచ్చని పాలలో కొంచెం పెరుగు తోడు వేస్తే, అందులోని కంటికి కనబడని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ పులుపుకే పాలు గడ్డకడతాయి. ఈ పని సూక్ష్మజీవులదేనని 1857లో ఫ్రాన్సు శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ చూపాడు. దోసె పిండి పొంగేదీ వాటివల్లే. అవి వదిలే కార్బన్ డై ఆక్సైడ్ పిండిలో బుడగలు కడుతుంది. వెచ్చదనం వాటికి ఇష్టం కాబట్టే మన ఎండలకు పిండి తొందరగా పులుస్తుంది.

చల్లారిన అన్నంలో మంచినీళ్లు పోసి రాత్రంతా ఉంచినా జరిగేది ఇదే. ఆ పులుపు చాలా రకాల చెడు సూక్ష్మజీవులను పెరగనివ్వదు. అన్నంలోని ఇనుము ఒంటికి సులువుగా అందుతుంది. అయితే బూజు పట్టినా, జిగురు సాగినా, కుళ్లు వాసన వచ్చినా పారేయాల్సిందే. అది సద్ది కాదు.

‘పెద్దల మాట సద్దిమూట’ అన్నారు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మ సద్ది పెడితే ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ నంజుకుని తృప్తిగా తిందాం. మనల్ని ఇంతదాకా చదివించింది ఆ కూడే.