గట్టుకి గడ్డి మందు కొట్టి కాపరి కీర్తన చదువుతామా?



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక చెట్టు కింద ఒక పెద్దాయన అన్న మాట మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. "కొండ బోడి అయిపోయిందంటే మేకల వల్లే, పాస్టరుగారూ. పంచాయతీలో చెప్పి ఆపించేయాలి." నలుగురూ తలలూపారు. రెండు మేకలు తప్ప ఇంకే ఆస్తీ లేని మన సంఘపు విధవరాలు ఒకామె ఆ పక్కనే చెప్పులు వేసుకుంటోంది. ఆమె ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. నేను మాట్లాడకపోవడం తప్పు, అందుకే ఇది రాస్తున్నాను.

మేకలు కొండను కొరికేశాయా? కొంత నిజమే. మరి అవి కొండెందుకు ఎక్కాయి? మన చిన్నప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్లలో మందబయలు ఉండేది, మేత పోరంబోకు ఉండేది, పసువులు నడిచే పుంత ఉండేది. ఇప్పుడు పోరంబోకులో జీడితోట. పుంత సగం ఎవరి గట్టులోనో కలిసిపోయింది. వంద ఎకరాల్లో మేసే మందను పది ఎకరాల్లోకి నెట్టేసి, ఆ పది బోడి అయ్యాయని మందను తిడుతున్నాం.

గడ్డికీ ఒక లెక్క ఉంది. కొరికిన గడ్డి వేరులో దాచుకున్న బలంతో మళ్లీ చిగురేస్తుంది. ఆకు ఎదిగి ఆ బలం తిరిగి వేరుకు చేరకముందే ఇంకోసారి కొరికితే వేరు కురచబడుతుంది. కొన్నాళ్లకు గడ్డి చచ్చి, పశువు ముట్టని వయ్యారిభామ లేస్తుంది. కాబట్టి మేకలెన్ని అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు, నేలకు విశ్రాంతి దొరుకుతోందా అని కూడా అడగాలి. పాత కాపరులకు ఇది తెలుసు. మందను తిప్పేవారు. కోతలయ్యాక మన పొలాల్లోనే రాత్రిళ్లు మంద కట్టేవారు. రైతు బియ్యమో డబ్బో ఇచ్చి బతిమాలి పిలిపించుకునేవాడు. పెంట, మూత్రం రెండూ నేరుగా మడిలోకే. గెత్తం తోలే బండి కిరాయి కూడా లేదు.

ఇప్పుడు మనం చేసేది చూడండి. చెరకు ఆకు తగలబెడతాం. మిషను కోసిన గడ్డి మడిలోనే కాల్చేస్తాం. గట్టు మీద పచ్చగా కనిపిస్తే గడ్డి మందు కొడతాం. తర్వాత ఆవుకి దాణా బస్తా, మడికి యూరియా బస్తా, రెండూ అప్పు మీద. 45 కిలోల యూరియాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైనే. మంచిదే, నేనూ వేస్తాను. కాని నేలను గుల్లబరిచే పెంట ఆ బస్తాలో రాదు. 2019 పశుగణన ప్రకారం మన రాష్ట్రంలో గొర్రెలు సుమారు 1 కోటి 76 లక్షలు, దేశంలో తెలంగాణ తర్వాత మనమే. ఆదివారం మాంసం కొట్టు దగ్గర వరుసలో నిలబడే మనమే, ఆ గొర్రె మేసే చోటు ఎక్కడని అడగం.

జీడితోట వద్దని నేననడం లేదు. చెట్లు మేకకి అందనంత ఎదిగాక, కింద స్టైలో గడ్డి చల్లి, పూత, కోత రోజులూ మందు కొట్టిన రోజులూ తప్పించి వానాకాలంలో మందను దించవచ్చు. కలుపు కూలి మిగులుతుంది, పెంటా పడుతుంది. పేదవాడికి ఇచ్చిన డి-పట్టా జోలికీ నేను పోవడం లేదు. అది అతని హక్కు. సొంత పొలం ఉండి కూడా ఏటా నాలుగు రాళ్లు ముందుకు జరిపేవారితోనే నా పేచీ. పంజాబులో ఒక ఊరి చెరువు ఆక్రమణ కేసులో సుప్రీంకోర్టు 2011 జనవరి 28న తీర్పిస్తూ, ఊరి ఉమ్మడి భూములు ఊరికి తిరిగి చేర్చాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. కోర్టు చెప్తేగాని మనకు తెలియదా?

యెహెజ్కేలు 34వ అధ్యాయం తీసి 18వ వచనం చదవండి. మంచి మేత మేసి, మిగిలినది కాళ్లతో తొక్కి పాడుచేసే బలిసిన గొర్రెలను దేవుడు అక్కడ నిలదీస్తున్నాడు. ఆ మాట కాపరులతో కాదు, మందతోనే. మనతోనే. మనకేమో ఇరవై మూడవ కీర్తన మీదే మక్కువ!

ఇక నా సంగతి. రెండేళ్ల క్రితం మందిరం స్థలానికి రాతి స్తంభాలు పాతించి తీగ లాగించింది నేనే. పసువులు ఆవరణలోకి వస్తున్నాయని. ఆ తీగ పుంతను సగం మింగింది. అప్పటినుంచి ఆ విధవరాలు తన మేకలతో చెరువు చుట్టూ తిరిగి వెళ్తోంది. నాకు తెలుసు, రోజూ చూస్తున్నాను. తూర్పు వైపు స్తంభాలు శనివారం ఉదయం ఆరు గంటలకు పీకేస్తున్నాం. గునపాలున్నవారు తెచ్చుకోండి. ఉప్మా, టీ మందిరం దగ్గరే. మేకల మీద ఫిర్యాదు చేసిన పెద్దాయనగారూ, మీరు తప్పక రావాలి. పుంత ఎంతవరకు ఉండేదో మన ఊళ్లో సరిగ్గా తెలిసింది మీకే.