సంతకం పెట్టింది మనమే

పోయిన సెమిస్టర్‌లో మా అమ్మాయి కాలేజీలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లాను. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఇరవయ్యేళ్లు నిండాయి దానికి. 2024 ఎన్నికల్లో నా వెనకే క్యూలో నిలబడి ఓటేసింది, సిరా వేలు వారం రోజులు అందరికీ చూపించింది.

మీటింగ్‌లో మా చేతికి రెండు పేజీల హామీ పత్రం ఇచ్చారు. తరగతి గది నిబంధనలు. చదివి సంతకం పెట్టమన్నారు. చదవడానికి ఎవరూ ఆగలేదు, నేనూ ఆగలేదు. సంతకం పెట్టేశాక హెచ్ఓడీ గారు మాట్లాడుతుంటే అప్పుడు తిరగేశాను. ఐడీ కార్డు మెడలో లేకుండా గేటు దాటరాదు. ఫోన్ కనబడితే సెమిస్టర్ అయ్యేదాకా తిరిగి ఇవ్వరు. అమ్మాయిలు చున్నీకి రెండు వైపులా పిన్ను పెట్టుకోవాలి. అబ్బాయిలు గడ్డం పెంచరాదు. ఇద్దరూ కారిడార్‌లో నిలబడి మాట్లాడుకోరాదు. మధ్యాహ్నం ముందే ఇంటికి వెళ్లాలంటే తండ్రి ఫోన్ చేసి చెప్పాలి. (తండ్రే ఎందుకో! ఆ హాల్లో కూర్చున్న వాళ్లలో ముప్పాతిక మంది తల్లులమే.) పదమూడో నంబర్ దగ్గర ఒక చిన్న వాక్యం: అధ్యాపకులతో వాదించరాదు.

అంతలో ముందు వరుసలో ఒకావిడ లేచి, "ఇంకాస్త స్ట్రిక్ట్‌గా ఉండండి సార్, ఇంట్లో మా మాట వినట్లేదు" అంది. హాలంతా నవ్వారు. నేను తల ఊపాను. మా అమ్మాయి వెనక గోడ దగ్గర నిలబడి చూస్తోందని నాకు తెలియదు.

బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంటికొచ్చి నేను చిక్కుడుకాయలు ముందేసుకుంటే వచ్చి ఎదురుగా కూర్చుని, ఈనెలు తీస్తూ అడిగింది.

"పదమూడోది చదివావా అమ్మా?"

"వాదించొద్దనేగా. అందులో తప్పేముంది?"

"పోయిన వారం సార్ బోర్డు మీద లెక్కలో గుర్తు తప్పు వేశారు. అరవై మందీ అలాగే ఎక్కించుకున్నారు. చెప్పాలా, మానాలా?"

"మెల్లగా చెప్పొచ్చుగా."

"మెల్లగా చెప్పినా దాన్ని వాదనే అంటారు. ఇంటర్నల్ మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి." కాసేపాగి, "నువ్వు తల ఊపావు. నేను చూశాను" అంది.

ఆ రోజు నుంచీ ఇది రాయాలని ఉంది. కాలేజీల మీద కోపంతో కాదండీ. నా మీద, మీ మీద.

ముందే చెప్తున్నాను, నిబంధనలే వద్దనే దాన్ని కాదు నేను. అరవై మంది కూర్చున్న గదిలో ఒకడు ఇష్టమొచ్చినప్పుడు లోపలికి వచ్చి, ఇంకొకడు బల్ల కింద రీల్స్ చూస్తూ ఉంటే చెప్పేవాళ్లకీ చెప్పబుద్ధి కాదు, వినేవాళ్లకీ వినబుద్ధి కాదు. క్లాసులో ఫోన్ వద్దంటే నా రెండు చేతులూ ఎత్తుతాను. కానీ ఆ రెండు పేజీల్లో పిల్లలు ఏం చేయకూడదో ఉంది, తల్లిదండ్రులు ఏం ఒప్పుకోవాలో ఉంది, కాలేజీ ఏం చేస్తుందో ఒక్క ముక్క లేదు. సార్ క్లాసుకి రాకపోతే ఎవరు చెప్పాలి? సిలబస్ ఏ తేదీకి పూర్తవుతుంది? మిడ్ పరీక్ష పేపర్లు దిద్ది పిల్లలకు చూపిస్తారా? ఒక పక్కే రాసుకున్న కాగితాన్ని ఒప్పందం అనరు. మన ఇంట్లో పాలవాడితో కూడా అలాంటి ఒప్పందం పెట్టుకోం.

హాజరు సంగతి తీసుకోండి. జేఎన్టీయూ నిబంధనల్లో 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే తగిన కారణం చూపించి, ఫీజు కట్టి కండోనేషన్ తెచ్చుకోవచ్చు. 65 కన్నా తగ్గితే డిటైన్. కాగితం మీద చూస్తే న్యాయంగానే ఉంది. రెండో సంవత్సరంలో మా అమ్మాయికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయి ఆసుపత్రిలో ఉంది, ఇంటికొచ్చాక కూడా రెండు వారాలు మంచం దిగలేదు. హాజరు 71 దగ్గర ఆగింది. రిపోర్టులన్నీ ఫైలులో పెట్టుకుని వెళ్లాను. కౌంటర్ దగ్గర ఎవరూ ఆ ఫైలు తెరవలేదు. ఫీజు కట్టమన్నారు, కట్టాను, రసీదు ఇచ్చారు. అంతే, దాని జ్వరం నిజమైపోయింది! అదే రోజు ఇంకో అబ్బాయి, ఏ జబ్బూ లేదు, ఊరికే తిరిగి పోగొట్టుకున్నాడట, అదే ఫీజు కట్టాడు, అదే రసీదు తీసుకున్నాడు. అక్కడ క్రమశిక్షణ ఏది? నాకైతే టోల్‌గేటే కనబడింది.

మీరేమంటారో నాకు తెలుసు. హాజరు నిబంధన లేకపోతే ఎవరూ క్లాసుకి రారు కదా అని. కొందరు రారు, ఒప్పుకుంటాను. అయితే వచ్చి కూర్చున్న వాళ్లలో ఎంతమంది వింటున్నారో కూడా అడగాలి కదా. మా అమ్మాయి చెబుతుంది, చివరి బెంచీల్లో పక్క సబ్జెక్టు రికార్డులు రాసుకుంటారట. పేరు పిలిచినప్పుడు పలికితే చాలు.

నేను బీఏ తెలుగు చదువుకున్నది చిన్న ఊళ్లో. క్లాసులో పద్దెనిమిది మందిమి. మాకు ప్రబంధాలు చెప్పిన మాస్టారు హాజరు పట్టీ గంట చివర్లో వేసేవారు, కొన్నిసార్లు మర్చిపోయేవారు కూడా. ఆయనకున్న నిబంధన ఒకటే. పేరు పిలిస్తే లేచి పద్యం గట్టిగా చదవాలి, పదాలు విడగొట్టాలి. రాకపోతే తెలియదని చెప్పాలి. తెలియదన్న వాళ్లను చూసి ఎవరైనా నవ్వితే వాళ్లు బయటికి వెళ్లాలి. ఆయనకు కూడా అదే నిబంధన. ఏదైనా మాటకు అర్థం తట్టకపోతే "రేపు చూసి చెబుతానమ్మా" అనేవారు. మర్నాడు శబ్దరత్నాకరం చంకలో పెట్టుకుని వచ్చేవారు.

ఒకసారి ఒక సమాసాన్ని ఆయన కర్మధారయం అన్నారు. బహువ్రీహి అయితేనే అర్థం కుదురుతుందని నాకు తోచింది. లేచి చెప్పాను. కాళ్లు వణికాయి, గొంతు సరిగా రాలేదు. ఆయన పద్యం మళ్లీ మొదటి నుంచీ చదువుకుని, "అవును, నువ్వన్నదే బాగుంది" అన్నారు. సుద్దముక్కతో బోర్డు మీద తను రాసింది చెరిపి, నేను చెప్పింది రాశారు. ఆ సంగతి మా అమ్మకు ఎన్నిసార్లు చెప్పానో. పాతికేళ్లు అయింది. చదువుకున్న వాటిలో సగం పోయాయి గానీ, ఆ చెరపడం మాత్రం కళ్ల ముందే ఉంది.

మన సంప్రదాయంలో గురువుకు ఎదురు చెప్పకూడదండీ అని ఎవరో ఒకరు అంటారు. ఏ సంప్రదాయం? బృహదారణ్యకంలో జనకుడి సభలో గార్గి ప్రశ్న మీద ప్రశ్న వేస్తూ పోతే, ఇంకా అడిగితే నీ తల పడిపోతుందని యాజ్ఞవల్క్యుడు బెదిరించాడు. అప్పటికి ఊరుకుంది. తర్వాత మళ్లీ లేచింది, విల్లుకు రెండు బాణాలు ఎక్కుపెట్టిన వీరుడిలా రెండు ప్రశ్నలతో వచ్చానని నిండు సభలో చెప్పి మరీ అడిగింది. తల ఏమీ పడలేదు. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు శిష్యులు పిప్పలాదుడి దగ్గరికి వస్తారు. ఆయన పెట్టిన నిబంధన కఠినమైనదే, ఏడాది పాటు నియమంగా నా దగ్గర ఉండండి అన్నాడు. ఆ వెంటనే తన వైపు మాట కూడా ఇచ్చాడు: తర్వాత మీకు తోచిన ప్రశ్నలన్నీ అడగండి, నాకు తెలిస్తే అంతా చెబుతాను. 'తెలిస్తే' అన్నాడు చూడండి. ఆ ఒక్క మాట మన పిల్లల హామీ పత్రంలో ఎక్కడుంది?

ఇక అమ్మాయిల నిబంధనలు. చున్నీ పిన్నుల మీద మనకు ఉన్న శ్రద్ధ వాళ్ల ల్యాబ్‌లో పరికరాలు పనిచేస్తున్నాయా లేదా అన్నదాని మీద లేదు. యూజీసీ లైంగిక వేధింపుల నివారణకు 2015 నిబంధనలు తెచ్చింది, 2016లో గెజెట్‌లో వచ్చాయి. భద్రత పేరు చెప్పి హాస్టళ్లలో అబ్బాయిలకు లేని ఆంక్షలు అమ్మాయిలకు పెట్టకూడదని అందులో స్పష్టంగా ఉంది. మనలో ఎంతమందికి తెలుసు? 2019లో హైదరాబాద్‌లో ఒక మహిళా కళాశాల కుర్తీ మోకాలి కిందికి ఉండాలని పట్టుబడితే, అమ్మాయిలే గేటు ముందు నిలబడి ఆ నిబంధన వెనక్కి తీయించారు. అప్పుడు మన ఇళ్లలో ఏమనుకున్నాం? "పొడుగ్గా వేసుకుంటే వీళ్లకు పోయేదేముంది" అన్నది నేనే. 2023లో కేరళ ప్రభుత్వం విశ్వవిద్యాలయాల్లో చదివే అమ్మాయిలకు నెలసరి ఇబ్బంది దృష్ట్యా హాజరు 73 శాతం ఉంటే చాలంది. అంతకు ముందు కొచ్చిన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంఘం అడిగి సాధించుకున్నదే దానికి మొదలు. రెండు శాతం ఎంత, కొద్ది రోజులే. అడిగారు కాబట్టి వచ్చింది. ఇక్కడ మా అమ్మాయి మొదటి రోజు కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ బస్సెక్కుతుంది, ఎందుకంటే ఆ పూట పోతే శాతం పోతుంది. మజ్జిగ సీసా చేతిలో పెట్టి పంపేది నేనే.

మనం ఎందుకు తల ఊపుతున్నామో దాచుకోవడం దేనికి? భయం. ఏదో ఒక వార్త రోజూ వింటాం. చదువు అయ్యేదాకా, పెళ్లయ్యేదాకా పిల్ల మీద మాట పడకుండా ఉంటే చాలనుకుంటాం. ఆ కాపలా మనం కాయలేక కాలేజీకి అప్పగిస్తున్నాం. కాలేజీకి కూడా అదే సుఖం. బాగా పాఠం చెప్పడం కష్టం, గేటు దగ్గర చున్నీ చూడటం సులువు. క్రమశిక్షణ గల కాలేజీ అని మనమే పక్కింటావిడకు చెప్పి ఇంకో అడ్మిషన్ తెచ్చిపెడతాం.

కానీ ఒకటి ఆలోచించండి. బోర్డు మీద తప్పు పడితే నోరెత్తవద్దని నాలుగేళ్లు నేర్పిస్తాం. అలా నేర్చుకున్న పిల్ల రేపు ఆఫీసులో మేనేజర్ వెకిలిగా మాట్లాడితే ఏం చేస్తుంది? అత్తారింట్లో చేయి పడితే? అప్పుడు మనమే గుండెలు బాదుకుంటూ అడుగుతాం, "ఒక్క మాట చెప్పలేదేమే తల్లీ" అని. చెప్పకూడదని రాసిన కాగితం కింద మన సంతకమే ఉంది.

ఈ వారం కొత్త సెమిస్టర్ పత్రం వచ్చింది. అవే రెండు పేజీలు. ఈసారి కూర్చుని చదివాను. 'తండ్రి ఫోన్ చేయాలి' అన్న చోట 'తల్లి గాని తండ్రి గాని' అని దిద్దాను. పదమూడో దాన్ని కొట్టేసి, మర్యాదగా అడిగిన ప్రశ్నకు ఇంటర్నల్ మార్కులతో సంబంధం ఉండదని రాశాను. కింద ఖాళీలో తెలుగులో నాలుగు వాక్యాలు చేర్చాను. మిడ్ పేపర్లు చూపించాలి, క్లాసు జరగకపోతే మాకు కూడా మెసేజ్ రావాలి, సిలబస్ తేదీలు ముందే ఇవ్వాలి, డాక్టర్ కాగితం చదివాకే ఫీజు మాట ఎత్తాలి.

మా వారు చూసి, "రేపు దాని మార్కులు కోస్తారు, నీకేం పోయింది" అన్నారు. ఆ మాట తీసిపారేయడానికి లేదు. రాత్రంతా అదే ఆలోచించాను.

పొద్దున మా అమ్మాయికి చూపించాను. చదివి, "నన్ను అడగకుండానే రాశావా?" అంది. నా దగ్గర జవాబు లేదు. తల ఊపినప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. పెన్ను తీసుకుని నా నాలుగు వాక్యాల్లో రెండు కొట్టేసింది, సిలబస్ తేదీలు వెబ్‌సైట్‌లో ఉంటాయట, ఫీజు సంగతి ఈ కాగితంతో తేలదట. తను ఒకటి చేర్చింది. కాలేజీ బస్సు ఆలస్యమైతే మొదటి గంట హాజరు కోయకూడదని. నాకు తట్టనే లేదు అది.

ఆ తర్వాత పత్రం అటూ ఇటూ తిప్పి చూసింది. తండ్రి సంతకానికి చోటుంది, తల్లి సంతకానికి ఉంది, హెచ్ఓడీకి ఉంది. కింద స్కేలు పెట్టి ఇంకో గీత గీసి, 'విద్యార్థిని' అని రాసి సంతకం పెట్టింది. సోమవారం తనే ఇస్తానంది.