కర్ణుని కవచాన్ని అద్దెకు తేవద్దు

వార్షికోత్సవం దగ్గరపడగానే మన తెలుగు బడులలో మొదట తలెత్తే ప్రశ్న, వేషాలు ఎక్కడినుండి తేవాలి? అద్దెకిచ్చే అంగడికి పోయి, పెద్దల కొలతకు చేసిన రేకు కవచాన్ని తెచ్చి ఏడవ తరగతి పిల్లవాని భుజాలకు తగిలిస్తాము. బళ్ళారిలో మేమూ అలాగే చేస్తూ వచ్చాము. కిందటి మారు మా కర్ణుడు చేయెత్తి ఇంద్రునితో పలుకవలసిన చోట కవచం గడ్డానికి తగిలింది. చేయి లేవలేదు, ఊపిరి చాలలేదు. నెల రోజులు వల్లించిన మాటలను వాడు మింగివేశాడు. పిల్లవానికి తెలుగు రాదని సభలో కొందరు అనుకొనే ఉంటారు. తప్పు వానిది కాదు, రేకుది.

అందుచేత ఈ ఏడు కవచాన్ని బడిలోనే ఫోమ్ షీట్లతో చేయించాము. సోదర ఉపాధ్యాయులకూ, తల్లిదండ్రులకూ నా మనవి కూడా అదే.

చేతిపనులకు వాడే ఈ మెత్తని పలకలు ఇ.వి.ఎ. అనే పదార్థంతో చేసినవి. ఎదకు, వీపుకు 5 లేక 6 మిల్లీమీటర్ల మందం, నగిషీకి 2 మిల్లీమీటర్లు చాలును. మొదట పాత వార్తాపత్రికతో నమూనా కత్తిరించి ఒంటికి సరిచూడాలి. ఫోమును వేడిగాలి యంత్రంతో కాచి, వంచి, చల్లారేవరకు పట్టుకొంటే ఆ వంపు నిలిచిపోతుంది. అతుకులకు చెప్పులు కుట్టేవారు వాడే రబ్బరు జిగురును రెండు అంచులకూ పూసి, వేలికి అంటనంతగా ఆరిన తరువాత అదమాలి. తడిగా ఉండగానే అతికిస్తే ఊడి వస్తుంది; మొదటి శనివారం మాకు జరిగినది అదే. రంగు పలుచని పూతలుగా వేయాలి. ఇనుప తలుపులకు వేసే ఎనామిల్ రంగు, కవచం వంగగానే పగుళ్ళు బారుతుంది. బ్లేడు, వేడి, జిగురు పెద్దల చేతిలోనే ఉండాలి, అదీ ఆరుబయట. కొలవడం, గీయడం, రంగులద్దడం పిల్లల పని.

అన్నిటికంటె ముఖ్యం, కవచాన్ని ఒకే ముక్కగా చేయకపోవడం. భుజాల పలకలను విడిగా కోసి, ఒకదానిపై ఒకటి వచ్చేటట్లు ఎలాస్టిక్ పట్టీతో కలిపితే చేయి హాయిగా లేస్తుంది. పక్కలకు వెల్క్రో పెట్టాము. కర్ణుడు ఒక్క లాగుతో కవచాన్ని ఒలిచి ఇంద్రుని చేతిలో పెట్టినప్పుడు ఆ వెల్క్రో చర్రుమన్న చప్పుడు చివరి వరుస వరకు వినిపించింది. ఆ తరువాతి మాటలు కూడా వినిపించాయి.

పరీక్షల ముందు ఈ బొమ్మలాట ఎందుకని ఒక తల్లి అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మూడు శనివారాలు, రెండేసి గంటలు పట్టినవి. వారమంతా కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ గడిపే పిల్లలు ఆ ఆరు గంటలు పని కోసం తెలుగు మాట్లాడారు. "బగ్గిసు" అన్న పిల్లకు కాసేపటికి "వంచు" తానుగా నోట వచ్చింది, ఎవరూ దిద్దలేదు. భుజకీర్తులు అంతవరకు పాఠం చివరి అర్థాల పట్టికలో ఒక మాట. ఇప్పుడు వాటిని కోసిన పిల్లవానికి ఆ మాట మరపు రాదనే నా నమ్మకం. పద్యం వల్లె వేయిస్తే చాలునన్న మన అలవాటుపై నాకు మునుపటి విశ్వాసం లేదు.

నాటకం ఈ ఊరికి అరువు సొత్తు కూడా కాదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ ముగ్గురూ ఇక్కడ న్యాయవాదులుగా ఉంటూనే తెలుగు నాటకానికి పాటుపడినవారు. 1953లో జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసిన తరువాత ఆ వారసత్వం చాలవరకు మన బడుల వేదికల మీదనే మిగిలినది.

ఖర్చు తక్కువని మాత్రం చెప్పను. ఒక్క నాటకానికైతే అద్దెయే చవక కావచ్చును. కవచం పలుమార్లు పనికిరావాలంటే ఎండకు కాగే రేకుల కొట్టులో పెట్టరాదు, వేడికి వంకరపోతుంది. మాది ప్రధానోపాధ్యాయుల గదిలో కొయ్యకు వేలాడుతున్నది. వచ్చే ఏటి కర్ణునికి పక్క పట్టీలు మార్చాలి. వాడు ఇప్పటికే దానిని రెండుసార్లు తొడిగి చూసుకొన్నాడు.