శింగనమల వసంతం చైత్రంలో రాదు
మన ప్రబంధ కవుల వసంతమంతా మావిచిగురు, కోయిల, మల్లెపందిరి. అనంతపురం జిల్లా శింగనమల బీళ్లలో చైత్రానికి మిగిలేది ఎండుగడ్డి, గొర్రెల మంద లేపిన దుమ్ము. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే దిక్కైన ఈ నేలకు అసలు పూలకారు వానలు పడ్డాకే. అప్పుడు గట్ల మీద, గులకరాళ్ల సందుల్లో జానెడు ఎత్తున రత్నపురుష పూస్తుంది. ఒకే పెద్ద రేకు, గులాబీకీ ఊదాకీ నడిమి రంగు. మిగతా రేకులు ఉన్నాయంటే ఉన్నాయి. 1800లో అచ్చైన కవితలో వర్డ్స్‌వర్త్ ఎవరికీ తెలియని ఓ పల్లెపడుచును పోల్చిన వయొలెట్, ఇదీ ఒకే కుటుంబం. నాటువైద్యులు దీన్ని ఎరుగుదురు, మన కవులే ఎరగరు. జడలో పెట్టుకోలేనంత చిన్నది మరి! ఈ మండలంలోని తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'లో ఎండిన పెన్నను కావ్యం చేశాడు. ఆ తర్వాత సీమ కవిత్వమంటే కరువు తప్ప మరోటి కాదని మనమే గిరిగీసుకున్నాం. నాకది ఒప్పుదల కాదు. ఆకలిని రాసిన చేత్తోనే ఈ పువ్వునూ రాయొచ్చు, రైతుకేమీ ద్రోహం చేసినట్టు కాదు. మల్లెల్ని మాత్రం కోస్తా కవులకే వదిలేద్దాం, వాళ్లకు నీళ్లున్నాయి.