పన్ను సొమ్ము బ్యాంకులో నిలిచిన రోజులకు వడ్డీ ఎవరిది? - అమెరికా ట్రెజరీ నిబంధనలపై పరిశీలన

పన్నుదారు చెల్లించిన సొమ్ము ఖజానాకు చేరేలోగా బ్యాంకు వద్ద ఎంతకాలం నిలవవచ్చు, ఆ కాలపు ప్రయోజనం ఎవరికి దక్కాలి అన్నది ప్రతి ప్రభుత్వానికీ ఎదురయ్యే ప్రశ్నే. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం ఈ విషయంలో తన విధానాన్ని పలుమార్లు మార్చుకున్నది.

1917లో యుద్ధ రుణ బాండ్ల ద్వారా వచ్చిన సొమ్మును, వాటిని విక్రయించిన బ్యాంకులలోనే కొంతకాలం ఉంచే ఏర్పాటుతో ఈ పద్ధతి ఆరంభమైంది. వేతనాల నుండి మినహాయించిన పన్నును సైతం 1948 నుండి అవే ఖాతాలలో జమచేయనిచ్చారు. పన్ను గడువు దినాలలో భారీ మొత్తాలు ఒక్కసారిగా ఫెడరల్ రిజర్వులోని ప్రభుత్వ ఖాతాకు తరలిపోతే బ్యాంకులకు నగదు కటకట ఏర్పడుతుందన్నది ఇందుకు చూపిన కారణం. కారణం సహేతుకమే. అయితే ఆ నిల్వలపై బ్యాంకులు వడ్డీ చెల్లించేవి కావు. పన్నుల స్వీకరణ, పొదుపు బాండ్ల విక్రయం వంటి సేవలకు అదే ప్రతిఫలమని చెప్పుకునేవారు.

బ్యాంకులు చేసే సేవల కన్న వాటికి దక్కుతున్న లాభమే అధికమని 1974లో ట్రెజరీ శాఖ జరిపిన అధ్యయనం తేల్చింది. తత్ఫలితంగా 1977లో చట్టం వచ్చి, 1978 నవంబరు నుండి అమలైంది. వసూలైన సొమ్మును వెంటనే ఫెడరల్ రిజర్వుకు పంపివేయడం, లేదా తగిన సెక్యూరిటీలను హామీగా ఉంచి, ఫెడరల్ ఫండ్స్ రేటుకు పావు శాతం తక్కువగా వడ్డీ చెల్లిస్తూ తమవద్దే ఉంచుకోవడం - ఈ రెండింటిలో ఒకదానిని బ్యాంకులు ఎంచుకోవలసి వచ్చింది. ఆ రేటు 5 శాతం ఉన్నదనుకుంటే, 100 కోట్ల డాలర్లపై ఒక్క దినానికే లక్షా 30 వేల డాలర్లకు పైబడిన వడ్డీ ఖజానాకు చేరుతుంది. అంతకుముందు మూడు దశాబ్దాలలో వదులుకున్న మొత్తం సామాన్యమైనది కాదని దీనినిబట్టి ఊహించవచ్చు.

2008 అక్టోబరులో ఫెడరల్ రిజర్వు బ్యాంకుల నిల్వలపై తానే వడ్డీ చెల్లించడం ప్రారంభించడంతో పరిస్థితి తలకిందులైంది. ఆ ఏడాది చివరికి ఫెడరల్ ఫండ్స్ రేటు పావు శాతం లోపునకు పడిపోగా, పన్ను నిల్వలపై ప్రభుత్వానికి రావలసిన వడ్డీ దాదాపు శూన్యమైంది. మరోవైపు ఆ సొమ్ము బ్యాంకులలో ఉంటే వాటి నిల్వలు పెరిగి, ఫెడరల్ రిజర్వు చెల్లించే వడ్డీ భారమూ, తద్వారా ట్రెజరీకి చేరే లాభంలో కోతా పెరుగుతాయి. సొమ్మును కేంద్ర బ్యాంకులోనే ఉంచడం లాభసాటి అయింది. 1996లో మొదలైన ఎలక్ట్రానిక్ చెల్లింపు విధానం ఇందుకు తోడ్పడింది. 2010 డిసెంబరు 31తో కాగితపు కూపన్ల డిపాజిట్లు నిలిచిపోయాయి.

మన దేశంలో రిజర్వు బ్యాంకు తరఫున పన్నులు స్వీకరించే ఏజెన్సీ బ్యాంకులకు కమీషన్ లభిస్తుంది. సొమ్మును వడ్డీ చెల్లించి అట్టిపెట్టుకునే వెసులుబాటు మాత్రం లేదు. నిర్ణీత గడువు దాటి జమచేస్తే బ్యాంకు రేటుకు అదనంగా 2 శాతం కలిపి వడ్డీ చెల్లించవలసి ఉంటుంది.